ఆఫీసు, స్కూలు, డేకేర్: పర్యావరణం కోసం ఏదైనా చేయాలంటే ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆఫీసులో మిమ్మల్ని పర్యావరణ కమిటీలో వేశారు, పిల్లలు చదివే స్కూల్లో పేరెంట్స్ కమిటీలో ఉన్నారు, మీ చెల్లెలు చిన్న డేకేర్ నడుపుతోంది. మూడు చోట్లా పర్యావరణానికి మేలు చేసే పని ఏదైనా చేయాలని ఉంది, చేతిలో డబ్బు పెద్దగా లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. మొక్కలు నాటడం, పోస్టర్లు, రంగురంగుల చెత్తబుట్టలు అనుకుంటున్నాం, ఇవి సరిపోతాయా అన్నారు.

నేను చాలా ఏళ్లుగా భవనాల మెయింటెనెన్స్ పనిలో ఉన్నాను. ముందు ఆఫీసులు, తర్వాత స్కూళ్లు, మధ్యలో కొన్ని డేకేర్లు కూడా చూశాను. కాబట్టి సూటిగానే చెప్తాను. ఆఫీసులో, స్కూల్లో కరెంటు మీటరు, నీళ్ల మీటరు దగ్గర మొదలుపెట్టండి. డేకేర్‌లో మాత్రం శుభ్రం చేసే కెమికల్స్, గది గాలి దగ్గర మొదలుపెట్టండి. పోస్టర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇంకో మాట, ఏ పని ముందు, ఏది తర్వాత అని తేల్చుకునేటప్పుడు ఒకటే చూడండి: ఒకసారి సరిచేస్తే రోజూ ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా దానంతటది సాగిపోయే పని ఏదో అది ముందు చేయండి. రోజూ వంద మంది గుర్తుపెట్టుకుంటే తప్ప జరగని పని ఎంత మంచిదైనా నెల తిరిగేసరికి ఆగిపోతుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు, అందరికీ వాళ్ల పనులు వాళ్లకుంటాయి.

మీటరు దగ్గర ఎందుకంటే, లెక్క చూడండి. వారానికి 168 గంటలు. మీ ఆఫీసు ఐదు రోజులు, రోజుకు పది గంటలు నడుస్తుందనుకుంటే 50 గంటలు. అంటే మిగతా 118 గంటలు, దాదాపు 70 శాతం సమయం, అక్కడ మనిషే లేడు. స్కూలైతే ఇంకా ఎక్కువ. ఆ ఖాళీ సమయంలో ఒక్క కిలోవాట్ లోడ్ ఊరికే నడుస్తున్నా ఏడాదికి 6,000 యూనిట్లు దాటుతుంది. పగలు ఎవరో లైటు ఆర్పలేదని గొడవపడతాం గానీ రాత్రి ఏం నడుస్తోందో చూసినవాళ్లు చాలా తక్కువ.

చూడటం కూడా చాలా తేలిక. సాయంత్రం చివరి మనిషి వెళ్లేటప్పుడు మీటరు రీడింగ్ ఫొటో తీయించండి, పొద్దున తలుపు తీయగానే ఇంకో ఫొటో. తేడా ఎంతో రాసుకోండి. వారం రోజులు చేస్తే చాలు. ఇంకొంచెం లోతుగా వెళ్లాలంటే, ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది కదా, దాని పక్కన ఒక యూనిట్‌కి ఎన్ని ఇంపల్స్‌లో అంకె రాసి ఉంటుంది. ఉదాహరణకి 3200 అని ఉంటే, ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. రెండు సెకన్లకోసారి వెలుగుతోందంటే ఆ క్షణాన సుమారు 560 వాట్లు నడుస్తున్నాయని అర్థం. అంతా ఆర్పేశామనుకున్నాక కూడా అది గబగబా వెలుగుతోందంటే ఏదో నడుస్తున్నట్టే.

ఒక స్కూల్లో మేం ఇదే చేశాం. సెలవు రోజు సాయంత్రం, ఎలక్ట్రీషియన్, వాచ్‌మన్, నేను. గదులన్నీ తాళాలు వేసి ఉన్నాయి, ఫ్యాన్లు లేవు, లైట్లు లేవు, కానీ మీటరు మీద ఎర్ర లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. ఎలక్ట్రీషియన్ ఒక్కో అంతస్తు బ్రేకరు దించుతూ పోయాడు, నేను మీటరు దగ్గర నిలబడి లైటు నెమ్మదిస్తోందా లేదా అని చెప్తూ ఉన్నాను. మొదటి అంతస్తు దించగానే సగానికి సగం తగ్గింది. పైకెళ్లి చూస్తే వరండాలో రెండు వాటర్ కూలర్లు, పిల్లలెవరూ లేని స్కూల్లో, నీళ్లని రాత్రంతా చల్లబరుస్తున్నాయి. స్టాఫ్ రూమ్ బాత్రూమ్‌లో గీజరు ఆన్‌లోనే ఉంది, దాని స్విచ్ తలుపు వెనకాల ఉంది కాబట్టి ఎవరికీ కనబడదు. కంప్యూటర్ ల్యాబ్‌లో మానిటర్లన్నీ స్టాండ్‌బైలో ఉన్నాయి. వేదిక వెనక గదిలో యాంప్లిఫయర్ వేడిగా ఉంది, ఎప్పటి ఫంక్షన్‌కి ఆన్ చేశారో ఎవరికీ తెలీదు. కూలర్లకీ గీజరుకీ టైమర్లు పెట్టించాం, ల్యాబ్‌కి ఒకటే మెయిన్ స్విచ్ తలుపు పక్కకి మార్పించాం. అంతే. ఆ తర్వాత ఎవరికీ ఏ క్లాసూ పీకలేదు, పోస్టరు అంటించలేదు, రాత్రి రీడింగ్ మాత్రం తగ్గిపోయి అలాగే ఉంది.

జాగ్రత్త ఒకటి. బ్రేకర్లు మీరు సొంతంగా దించకండి, సర్వర్లు, ఫైర్ అలారం, సీసీ కెమెరాలు, మందులో తిండి పదార్థాలో ఉన్న ఫ్రిజ్‌లు ఏ లైను మీద ఉన్నాయో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకునే చేయండి.

నీళ్లదీ ఇదే పద్ధతి. రాత్రి ట్యాంకు నింపడం ఆగాక నీళ్ల మీటరు ఫొటో, పొద్దున ఎవరూ వాడకముందు ఇంకో ఫొటో. మారిందంటే ఎక్కడో కారుతోంది. మీటరు బయటి పైపుకి ఉండి లోపల ట్యాంకు ఉంటే, ట్యాంకులో నీటిమట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీసి పొద్దున చూసుకోవచ్చు. కొళాయి సెకనుకి ఒక్క చుక్క కారినా రోజుకి 20 లీటర్ల పైనే పోతుంది, అది అందరికీ కనబడుతుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు బాగుచేయిస్తారు. కనబడనిది ఫ్లష్ ట్యాంకు లీకు. చప్పుడు లేకుండా కమోడ్ గోడ వెంబడి సన్నటి పొరలా జారుతూ రోజుకి వందల లీటర్లు పోగొడుతుంది. పట్టుకోవడానికి ఫుడ్ కలర్ కొన్ని చుక్కలు ట్యాంకులో వేసి, పది పదిహేను నిమిషాలు ఫ్లష్ చేయకుండా వదిలేసి చూడండి, కమోడ్‌లోకి రంగు వస్తే లోపలి రబ్బరు వాషర్ పోయినట్టు. అది చాలా చిన్న పార్టు. స్కూల్లో అయితే ఈ పరీక్ష పిల్లల చేతే చేయించవచ్చు, వాళ్లకి ఇది డిటెక్టివ్ పనిలా ఉంటుంది, పెద్దవాళ్ల కంటే శ్రద్ధగా చేస్తారు. కొళాయి మూతికి ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే చిన్న జాలీ) బిగిస్తే నిమిషానికి పది పదిహేను లీటర్లు పోసే కొళాయి ఆరు లీటర్లకో అంతకంటే తక్కువకో దిగుతుంది, చేతులు కడుక్కునేవాళ్లకి తేడా తెలియదు. బకెట్లు నింపే కొళాయికి మాత్రం పెట్టకండి, హౌస్‌కీపింగ్ వాళ్లు విసిగిపోయి రెండో రోజే పీకి పారేస్తారు, బకెట్ నిండాలంటే ఎన్ని లీటర్లు కావాలో అన్నీ కావాల్సిందే కదా, మిగిలేది ఏమీ ఉండదు.

ఇక ఆఫీసు విషయానికొస్తే, ఏసీలు. సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుంది, పైన ఫ్యాను తిరుగుతుంటే రెండు డిగ్రీల దాకా పెంచినా ఒంటికి అదే చల్లదనం అనిపిస్తుంది. ఫిల్టర్లు కడగటం, తలుపులకి డోర్ క్లోజర్ బిగించడం ఎలాగూ చేయాలి. కానీ ఏసీల్లో జనం పట్టించుకోనిది గ్యాస్. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఎ గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడెక్కిస్తుంది. ఆర్-32 అయితే అందులో మూడో వంతు. ఆర్-290, అంటే ప్రొపేన్, ఈ లెక్కలో దాదాపు ఏమీ లేనట్టే. ఏసీకి ప్రతి ఏడాదీ గ్యాస్ నింపుతున్నారంటే అది సర్వీసింగ్ కాదు, లీకు. గ్యాస్ దానంతటది అరిగిపోయేది కాదు. ముందు లీకు ఎక్కడుందో పట్టుకుని బ్రేజింగ్ చేసి (లోహం కరిగించి అతికించి), ఆ తర్వాతే నింపమని ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులో రాయించండి, ఏ ఏసీకి ఎప్పుడు ఎన్ని గ్రాములు నింపారో ఒక పుస్తకంలో రాయమనండి. పుస్తకం పెట్టగానే సగం లీకులు వాటంతటవే దొరుకుతాయి.

లైట్ల గురించి అందరికీ తెలుసు, పాత ట్యూబులు తీసేసి ఎల్‌ఈడీ పెట్టడం. పనిచేస్తున్న వస్తువుని తీసేయొద్దని నేను ఎప్పుడూ చెప్పే మనిషినే, కానీ రోజుకి ఎనిమిది గంటలు వెలిగే పాత ట్యూబు విషయంలో మాత్రం కాలిపోయేదాకా ఆగక్కర్లేదు, వెలుతురు అంతే ఉండి కరెంటు సగానికి పైగా తగ్గుతుంది. తీసిన ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. వాటిని పగలగొట్టి చెత్తలో వేయకుండా, వచ్చిన అట్టపెట్టెల్లోనే పెట్టి ఈ-వేస్ట్ వాళ్లకి ఇవ్వండి. ఎలాగూ 2023లో మినమాటా ఒప్పందం (పాదరసం వాడకం తగ్గించడానికి కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం) దేశాలు ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి 2027 కల్లా ఆపేయాలని నిర్ణయించాయి, కాబట్టి పాతవి కొని స్టాకు పెట్టుకోవడంలో అర్థం లేదు. పగటి వెలుతురు సంగతి చూస్తే, చాలా ఆఫీసుల్లో బ్లైండ్స్ దించేసి లైట్లు వేసుకుని కూర్చుంటారు. బద్ధకం అనుకుంటాం గానీ అసలు కారణం కంప్యూటర్ స్క్రీన్ మీద కిటికీ వెలుగు పడి కళ్లు చెదరడం. టేబుల్‌ని తిప్పి కిటికీ మనిషికి పక్కన వచ్చేలా, అంటే స్క్రీన్ కిటికీకి ఎదురుగానూ వీపువైపూ కాకుండా పెడితే బ్లైండ్స్ వాటంతటవే పైకి లేస్తాయి.

ఫ్యాన్లది స్కూలుకే ఎక్కువ లాభం. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకుంటుంది, బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తీసుకునే బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగే 40 ఫ్యాన్లు మారిస్తే 3,000 యూనిట్లు మిగులుతాయి. ఒకేసారి మార్చలేకపోతే, కాలిపోయిన ప్రతి ఫ్యానుకీ వైండింగ్ చేయించకుండా బీఎల్‌డీసీ పెట్టాలని ఒక రూల్ పెట్టుకోండి చాలు. పై అంతస్తు క్లాసులు కుంపటిలా ఉంటే స్లాబు మీద తెల్లటి రిఫ్లెక్టివ్ పెయింట్ వేయించండి. ఎండలో నల్లటి కప్పు ఉపరితలం 65 డిగ్రీల దాకా వెళ్తుంది, తెల్లటిది దానికంటే 25 డిగ్రీలకి పైగా చల్లగా ఉండగలదు. ఇది కూడా ఒకసారి చేస్తే కొన్నేళ్లు సాగే పని, మధ్యమధ్యలో దుమ్ము కడగడం తప్ప.

కంప్యూటర్లు, ల్యాప్‌టాపుల విషయంలో ఆఫీసులు తరచూ చేసేది పాతవి తీసేసి "కరెంటు తక్కువ తీసుకునేవి" కొనడం. ల్యాప్‌టాప్ జీవితకాలంలో వాతావరణానికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలో తయారైనప్పుడే జరిగిపోతుంది, మనం వాడే కరెంటుది చిన్న వాటా. కాబట్టి మూడేళ్లకి మార్చే పాలసీని ఐదేళ్లకి పెంచడం, బ్యాటరీ, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చి వాడటం అన్నిటికంటే మంచి పని. అలాగే దయచేసి పర్యావరణ దినోత్సవం పేరుతో కంపెనీ లోగో వేసిన కొత్త బాటిళ్లు, గుడ్డ సంచులు పంచకండి. ప్రతి ఇంట్లోనూ అవి ఇప్పటికే గుట్టలుగా ఉన్నాయి. ఇంటి నుంచి ఎవరి కప్పు వాళ్లని తెచ్చుకోమని, కడుక్కోవడానికి ఒక సింకు, ఆరబెట్టుకోవడానికి ఒక స్టాండు ఏర్పాటు చేయండి. సింకు లేకుండా పేపర్ కప్పులు ఆపేస్తే రెండు వారాల్లో మళ్లీ వస్తాయి. ప్రింటర్‌లో రెండు వైపులా ప్రింట్ అన్నది డిఫాల్ట్ చేయించడం ఐటీ వాళ్లకి ఐదు నిమిషాల పని.

చెత్త గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ ఇక్కడే మొదలుపెడతారు, ఇక్కడే విసిగి ఆపేస్తారు. రంగుబుట్టలు కొనేముందు మీ చెత్త ఎక్కడికి పోతుందో కనుక్కోండి. తీసుకెళ్లే బండిలో అన్నీ కలిపేస్తుంటే మీరు లోపల ఎంత వేరుచేసినా దండగే, పైగా అది చూసిన రోజున మీ వాళ్లందరికీ నమ్మకం పోతుంది, దాన్ని మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం. ముందు పొడి చెత్త ఎవరు కొంటారు, తడి చెత్త ఎక్కడ ఎరువు అవుతుంది అన్నది తేల్చుకోండి, తర్వాత బుట్టలు. తర్వాత ఒక రోజు చెత్త మొత్తం ఒక టార్పాలిన్ మీద పోయించి, గ్లవ్స్ వేసుకుని మీరే వేరుచేసి తూకం వేయండి. కమిటీ సభ్యులందరూ ఉండాలి. ఆ ఒక్క గంటలో తెలిసేది ఏ ప్రెజెంటేషన్‌లోనూ తెలియదు. ఒక ఆఫీసులో మేం ప్లాస్టిక్ ఎక్కువ ఉంటుందనుకున్నాం, చూస్తే సగం పైన చేతులు తుడుచుకున్న టిష్యూలే. టిష్యూ డబ్బాని సింకు పక్కనుంచి తీసి తలుపు దగ్గరికి జరిపి, ఒక్కోటే వచ్చేలా సన్నటి మూతి ఉన్న డబ్బా పెడితే సంచుల లెక్కే మారిపోయింది.

బుట్టలు పెట్టేటప్పుడు ఎప్పుడూ జంటగా, పక్కపక్కన పెట్టండి. ఒంటరిగా ఉన్న బుట్టలో, దాని మీద ఏం రాసి ఉన్నా, అన్నీ పడతాయి. టేబుల్ కింద ఉండే చిన్న బుట్టలు తీసేయండి, అవి ఉన్నంతకాలం ఎవరూ లేచి వెళ్లరు. బిల్లింగ్ మెషీన్‌లో వచ్చే థర్మల్ రసీదులు కాగితంలా ఉంటాయి గానీ వాటికి కెమికల్ పూత ఉంటుంది, పాత పేపర్లతో కలపకూడదు.

కంపోస్టు వాసన వస్తోందని మానేసేవాళ్లకి నా దగ్గర ఒకటే జవాబు, ఎండుటాకులు సరిపోవట్లేదు. ఒక పాలు తడి చెత్తకి రెండు మూడు పాళ్లు ఎండుటాకులో, చించిన అట్టముక్కలో పడాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా వస్తే తడి ఎక్కువైనట్టు, ఏమీ రాకపోతే నీళ్లు చల్లాలి. స్కూల్లో ఆకులు ఊడ్చి కాల్చేస్తుంటారు, అదే సమయంలో కంపోస్టు గుంత కంపు కొడుతుంటుంది. ఆ ఆకుల్ని గోనెసంచుల్లో కట్టి గుంత పక్కన పెట్టించండి, రెండు సమస్యలూ ఒకేసారి పోతాయి. ఇదంతా చేయకుండా తడి చెత్తని డంపింగ్ యార్డుకి పంపితే గాలి తగలకుండా కుళ్లి మీథేన్ అవుతుంది, అది వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై ఏడు ఇరవై ఎనిమిది రెట్లు వేడెక్కిస్తుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. చాలా చోట్ల పాత పేపర్లు, సీసాలు, అట్టలు అమ్ముకుని హౌస్‌కీపింగ్ వాళ్లు నాలుగు డబ్బులు కళ్లచూస్తారు. మీ కమిటీ వచ్చి రీసైక్లింగ్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటే ఆ డబ్బు పోతుంది, పని మాత్రం పెరుగుతుంది. అలా చేయకండి. పొడి చెత్త మీద వచ్చే డబ్బు వాళ్లకే చెందాలని ముందే రాసుకోండి, వాళ్లలో ఒకరిని కమిటీలో కూర్చోబెట్టండి, పేరుకి కాకుండా మాట్లాడే చోటిచ్చి. సూపర్‌వైజర్‌ని కాదు, నేరుగా పనిచేసే మనిషిని. స్విచ్‌లు, కొళాయిలు, బుట్టలు అన్నీ వాళ్ల చేతుల మీదే నడుస్తాయి, ఎక్కడ ఏది కారుతోందో, ఏ గదిలో లైటు ఎవరు వదిలేస్తారో వాళ్లకి తెలిసినంతగా మేనేజర్‌కి తెలియదు.

స్కూలు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు, పిల్లల్ని ఎలా కలుపుకోవాలని. 1994లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఫిఫ్టీ ఫిఫ్టీ అని ఒక పద్ధతి మొదలైంది. స్కూలు కరెంటు, నీళ్లు, హీటింగ్‌లో ఎంత ఆదా చేస్తే అందులో సగం స్కూలుకే తిరిగిస్తారు, మిగతా సగం బిల్లు కట్టేవాళ్లకి. ఇది నాకు బాగా నచ్చిన ఆలోచన, ఎందుకంటే చాలా స్కూళ్లలో బిల్లు కట్టేది ఒకరు, వాడేది ఇంకొకరు, వాడేవాళ్లకి తగ్గించాలన్న కారణమే ఉండదు. మీ మేనేజ్‌మెంట్‌ని అడగండి, ఆదా అయినదాంట్లో సగం పిల్లలు కోరుకున్నదానికి, ఆటవస్తువులకో లైబ్రరీకో, ఇస్తారా అని. ఒప్పుకుంటే ఆరు, ఏడు తరగతుల పిల్లలకి రోజూ మీటరు చదివి గ్రాఫు గీసే పని ఇవ్వండి, లెక్కల టీచరుకి అది సిద్ధంగా ఉన్న పాఠం. అదే 1994లో మొదలైన ఎకో-స్కూల్స్ కార్యక్రమం కూడా ఇలాంటిదే, పిల్లలు ఉన్న కమిటీ వేసి, ముందు ఉన్న పరిస్థితి లెక్క తీసి, తర్వాత ప్లాను వేసుకుని, ఫలితం కొలుస్తూ పోవడం.

మొక్కలు నాటుతామంటే నాటండి, నేను వద్దనను. కానీ రెండు ప్రశ్నలు ముందు. వేసవి సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు? అది పెరిగితే నీడ ఎక్కడ పడుతుంది? పడమటి గోడకి నీడనిచ్చే ఐదు చెట్లు బతికితే, ఫొటో కోసం నాటిన వంద మొక్కల కంటే క్లాసురూములకి మేలు.

గేటు దగ్గర ఇంజన్లు ఆన్‌లో పెట్టి పిల్లల కోసం ఎదురుచూడటం గురించి పేరెంట్స్ కమిటీలో మీరే మాట్లాడవచ్చు. పది సెకన్ల కంటే ఎక్కువ ఆగాలంటే ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే తక్కువ ఇంధనం. అంతకంటే ముఖ్యం, చిన్నపిల్లల ముక్కు పొగగొట్టానికి పెద్దవాళ్ల ముక్కు కంటే చాలా దగ్గరగా ఉంటుంది. ఆఫీసులో కూడా, అందరూ ఎవరి వాహనంలో వాళ్లు వస్తుంటే, భవనంలో మీరు ఎంత ఆదా చేసినా రాకపోకలదే పెద్ద వాటా కావచ్చు, వారంలో ఒకటి రెండు రోజులు ఇంటి నుంచి పని, ఒకే దారిలో వచ్చేవాళ్లు కలిసి రావడం కూడా అజెండాలో పెట్టండి.

ఇప్పుడు మీ చెల్లెలి డేకేర్. ఇక్కడ కరెంటు బిల్లు చిన్నది, పిల్లల ఒంట్లోకి పోయేదే పెద్దది. చిన్నపిల్లలు తమ బరువుకి తగ్గ లెక్కన పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు, నేల మీద పాకుతారు, చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటారు. నేల మీద ఏం పోసి తుడిచామో అది వాళ్ల నోట్లోకే వెళ్తుంది.

నేను చూసిన ఒక డేకేర్‌లో తలుపు తీయగానే ముక్కు మండేంత ఘాటు వాసన వచ్చేది. తల్లిదండ్రులు కూడా దాన్నే శుభ్రత అనుకునేవాళ్లు. ఆయమ్మ నేల, టేబుళ్లు, బొమ్మలు, బాత్రూమ్ అన్నీ ఒకే బ్లీచింగ్ నీళ్లతో రోజుకి మూడుసార్లు తుడిచేది, పిల్లలు గదిలో ఉండగానే. మేం చేసింది ఏంటంటే, పనుల్ని రెండుగా విడదీశాం. డైపర్ మార్చే బల్ల, టాయిలెట్, వాంతో విరేచనమో అయిన చోటు, వీటికి మాత్రమే డిసిన్ఫెక్టెంట్, అంటే బ్లీచ్ లాంటి క్రిముల్ని చంపే మందు. మిగతా అన్నిటికీ సబ్బు నీళ్లు. డిసిన్ఫెక్టెంట్ వాడే చోట కూడా ముందు సబ్బుతో మురికి తీసి, తర్వాతే అది వేయాలి, మురికి మీద పోస్తే దాని శక్తంతా మురికికే ఖర్చయిపోతుంది. కలిపిన బ్లీచ్ నీళ్లు ఏ రోజుకారోజే కలుపుకోవాలి, నిలవ ఉంటే బలం తగ్గుతుంది. పిల్లలు బయట ఆడుకునే సమయంలో, కిటికీలు తీసి చేయాలి. వాసన పోయాక కొంతమంది తల్లులు "ఈ మధ్య శుభ్రం చేయట్లేదా" అని అడిగారు కూడా, అందుకని ఏది దేనితో తుడుస్తున్నామో ఒక కాగితం మీద రాసి తలుపు దగ్గర పెట్టాం.

బ్లీచ్‌ని బాత్రూమ్ క్లీనింగ్ యాసిడ్‌తో కానీ అమోనియా ఉన్న క్లీనర్‌తో కానీ ఎప్పుడూ కలపకూడదు. మొదటిదాంతో క్లోరిన్ గ్యాస్, రెండోదాంతో క్లోరమిన్ గ్యాస్ వస్తాయి, రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి. ఈ సీసాలు వేర్వేరు అలమరల్లో, తాళం వేసి ఉండాలి. రూమ్ ఫ్రెషనర్లు మొత్తం తీసేయండి. యాంటీ బ్యాక్టీరియల్ సబ్బు కూడా అక్కర్లేదు, మామూలు సబ్బు, నీళ్లు చాలు. ట్రైక్లోసాన్ లాంటి 19 పదార్థాలు ఉన్న యాంటీ బ్యాక్టీరియల్ సబ్బుల్ని, మామూలు సబ్బు కంటే మేలు చేస్తాయని కంపెనీలు నిరూపించలేదని, 2016లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్లోంచి తీయించింది.

బొమ్మల విషయంలో నా మాట కొంచెం విచిత్రంగా అనిపించవచ్చు. వాడినవి మళ్లీ వాడటం మంచిదే, కానీ పాతకాలపు ప్లాస్టిక్ బొమ్మలు, పెయింట్ ఊడిపోతున్న పాత చెక్కబొమ్మలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి ఇవ్వొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, మెత్తటి పాత పీవీసీ ప్లాస్టిక్‌లో థాలేట్లు (మెత్తదనం కోసం కలిపే కెమికల్స్) ఉండొచ్చు. మూడేళ్ల లోపు పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల్లో థాలేట్లని యూరోపియన్ యూనియన్ 1999లోనే ఆపేసింది, అమెరికా 2008లో చట్టం చేసింది. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. పుస్తకాలు, గుడ్డ బొమ్మలు, కుర్చీలు, ఊయలలు మాత్రం హాయిగా సెకండ్ హ్యాండ్‌వి తీసుకోండి. గోడకి పాత పెయింట్ పెచ్చులు లేస్తుంటే పొడిగా గీకించొద్దు, ఆ దుమ్మే ప్రమాదం. సెలవుల్లో, పిల్లలు లేనప్పుడు, తడిపి గీకించి, తడిగుడ్డతో తుడిపించి కొత్త పెయింట్ వేయించాలి.

గుడ్డ డైపర్లా, వాడి పారేసేవా అని కూడా అడిగారు. 2008లో బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లెక్క కట్టి తేల్చింది ఏంటంటే, అంతా ఉతికే పద్ధతిలోనే ఉంది. మెషీన్ నిండా వేసి, మరీ వేడి నీళ్లు కాకుండా ఉతికి, డ్రయర్‌లో కాకుండా తీగ మీద ఆరేసి, అవే రెండో బిడ్డకి కూడా వాడితే గుడ్డవి స్పష్టంగా మెరుగు. మరుగుతున్న నీళ్లతో ఉతికి డ్రయర్‌లో ఆరబెడితే ఆ లాభం పోతుంది. అయితే డేకేర్‌లో నీళ్ల కొరత ఉన్నా, ఉతికే మనిషి ఇప్పటికే పని భారంతో ఉన్నా ఇది మీ చెల్లెలి నెత్తిన పెట్టకండి. తల్లిదండ్రులు గుడ్డవి పంపితే, వాడినవి మూతబిగిసే సంచిలో తిరిగి ఇంటికి పంపే పద్ధతి పెట్టుకుంటే సరిపోతుంది.

గాలి సంగతికొస్తే, పిల్లలు పడుకునే గదిలో తలుపులన్నీ మూసి ఏసీ వేస్తారు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఒక చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టి చూడండి. బయట 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) పైనే ఉంటుంది, గదిలో 1,000 దాటితే గాలి మారట్లేదని అర్థం. దోమల జాలీ ఉన్న కిటికీ ఒక వారగా తీసి ఉంచితే ఏసీకి కాస్త కరెంటు ఎక్కువ కాలుతుంది, కాలనివ్వండి. ఇలా రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు చిన్నపిల్లల ఊపిరే ముందు. ఇదే మీటరు స్కూలు క్లాసురూముల్లోకి కూడా పట్టుకెళ్లండి, ఏసీ క్లాసుల్లో చూపించే అంకె చాలామంది ప్రిన్సిపాళ్లకి మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాదు.

సర్టిఫికెట్ తీసుకోవాలా అన్నారు. ఐఎస్ఓ 14001 (పర్యావరణ నిర్వహణకి అంతర్జాతీయ ప్రమాణం) లాంటివి పెద్ద ఆఫీసులకి, కస్టమర్లు అడిగితే పనికొస్తాయి, చిన్న చోట్ల కాగితాల పనే మిగులుతుంది. మీ ఆఫీసు సైజు రాయలేదు కాబట్టి ఇంతకంటే చెప్పలేను. ముందు మూడు చోట్లా ఏడు రోజుల రాత్రి రీడింగులు తీసి ఇక్కడ పెట్టండి, దాంతోపాటు ఏసీలు ఎన్ని, అందులో ఏ గ్యాస్ ఉంది (బయటి యూనిట్ మీద స్టిక్కర్ ఉంటుంది), వాటర్ కూలర్లు, గీజర్లు ఎన్ని, డేకేర్‌లో క్లీనింగ్ సీసాల మీద ఏం రాసి ఉందో ఫొటోలు. అవి చూసి ఏది ముందు చేయాలో వరుస రాసిస్తాను.